నలభై మూడో చీటీ

గురువారం పొద్దున హాల్స్‌విర్డలో పాత కాగితాల బండి వస్తుంది. ఎనిమిదిన్నరకల్లా ఎవరి గుమ్మం ముందు వాళ్ళు సంచీ పెట్టుకోవాలి. దేవుడి గుమ్మానికీ మినహాయింపు లేదు. ఆయన తరఫున ఆ సంచీ పెట్టేది ఆల్చె. ముప్పై ఏళ్ళుగా ఆ చర్చి ఊడ్చేదీ, గంట మోగించేదీ, కీర్తనల పలక మీద నంబర్లు మార్చేదీ, ప్రసంగ వేదిక మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టేదీ ఆవిడే.

ఆ గురువారం ఆల్చె సంచీని వీధిలో పెట్టలేదు. చంకన పెట్టుకుని చర్చి వెనక్కి వచ్చింది. అక్కడ పెద్దల గది తలుపు ముందు హార్మ్ మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క చీలికల్లో లప్పం పెడుతున్నాడు. హార్మ్ ఊరి రంగులాయన, ఆ చర్చి ఏడుగురు పెద్దల్లో ఒకడు. యాభై ఎనిమిదేళ్ళ వాడు. బద్దతో లప్పం లాగి, బొటనవేలితో నిమిరి, మళ్ళీ లాగుతాడు. వేలికి గతుకు తగిలినంతసేపూ వదలడు. కూలి లేని పని. తలుపుకి ముదురాకుపచ్చ కొత్తగా వేయమని సంఘం అధ్యక్షుడు టామెన్స్ మాస్టారు అక్టోబరులో అడిగితే, దేవుడి తలుపే కదా అని ఒప్పుకున్నాడు.

ఆల్చె సంచీలోంచి ఒక పెద్ద గోధుమరంగు కాగితం తీసి, నాలుగు మడతలు విప్పి, అతని ముందు గడ్డి మీద పరిచింది. దాని నిండా చిన్న చిన్న చీటీలు. పసుపువి, గులాబీవి, ఆకుపచ్చవి. ముందురోజు సాయంత్రం ఎక్కడ అంటించినవి అక్కడే ఉన్నాయి. ఒక్కటి కదల్లేదు. ఒక్క దాని అంచు కూడా లేవలేదు.

బుధవారం సాయంత్రం చర్చి మీద చర్చ జరిగింది. ఇక్కడ ఆరాధన మానేసి, భవనం అమ్మేసి, ఎనిమిది కిలోమీటర్ల అవతల వెస్టర్‌బూర్ సంఘంలో కలిసిపోదామా వద్దా అన్నది ప్రశ్న. నోరున్న వాళ్ళే మాట్లాడతారు, నోరు లేని వాళ్ళ మాట పోతుంది, కాబట్టి అందరూ రాయండి అని టామెన్స్ మాస్టారు తలా ఒక చీటీ, తలా ఒక పెన్సిలు పంచారు. సంతోషమైతే పసుపు, బాధైతే గులాబీ, ఆలోచనైతే ఆకుపచ్చ. ఎనభై ఎనిమిదేళ్ళ సీకె ముసలమ్మ, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని, నాలుక బయటపెట్టి రాసింది. ప్రతి చీటీ చదువుతాం, తూకం వేస్తాం, తరవాతే నిర్ణయం అని మాస్టారు ముగించారు. తూకం వేసిన మాట నిజమే. పాత కాగితాల బండివాడు కిలోల్లో వేస్తాడు.

"పొద్దున్నే బుట్టలో ఉన్నాయి," అంది ఆల్చె. "ఇది కూడా." ఇంకో కాగితం ఇచ్చింది. అచ్చులో అంచు వంకర పోయిందని పారేసిన ఉత్తరం. ఆదివారం ఆరాధనలో పాస్టరమ్మ చదవాల్సింది. 'సంఘస్థులందరి మాటలనూ శ్రద్ధగా ఆలకించిన మీదట, సంఘపెద్దలు ఏకగ్రీవంగా...' అని మొదలైంది.

హార్మ్ లప్పం చేతిని పంట్లాముకు తుడుచుకుని తేదీ చూశాడు. మంగళవారం.

మళ్ళీ చూశాడు. తేదీలు లప్పం పెడితే పూడేవి కావు. బుధవారం చెప్పబోయే మాటలను మంగళవారమే శ్రద్ధగా ఆలకించారన్న మాట. ప్రవక్తలకు కూడా ఇంత ముందుచెవి లేదు. చీటీలిచ్చి చీటింగు. వినతి అంటే విననిది అని వీళ్ళ నిఘంటువు. ఇక ఏకగ్రీవం అంటే ఒకే మెడ. ఏడుగురు పెద్దలకు కలిపి ఉన్న ఆ ఒక్క మెడా మాస్టారిది. మిగతా ఆరుగురూ తల ఊపాలంటే ఆ మెడే దిక్కు.

హార్మ్ ఒక గులాబీ చీటీ చదివాడు. సీకె ముసలమ్మది. 'నా నడకబండికి చక్రాలు నాలుగున్నాయి. వెస్టర్‌బూర్ పోవాలంటే రెక్కలు కూడా పెట్టించండి.' ఇంకొకటి చదివాడు. 'తలుపు కిర్రుమంటోంది. నూనె వెయ్యమన్నాం, తాళం కాదు.' ఆకుపచ్చ చీటీల్లో తనదీ ఒకటి ఉంది. దాన్ని గుర్తుపట్టి, దాని మీంచి చూపు జరిపేసి, కాగితం మడిచాడు.

అప్పుడు తలుపు వంక చూశాడు. నాలుగు రోజులుగా గోకి, రుద్ది, లప్పం పెట్టిన తలుపు. అమ్మబోయే గేదె కొమ్ములకు నూనె రాయించినట్టు, ఆ తలుపుకి రంగు ఎందుకు వేయిస్తున్నారో ఇప్పుడర్థమైంది. నూనె రాసే చెయ్యి తనది.

సంచీ తనకి వదిలెయ్యమని ఆల్చెకు చెప్పాడు. లప్పం డబ్బా మూత మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. ఒక్క దెబ్బకే పడే మూత అది.

*

శుక్రవారం టామెన్స్ మాస్టారి ఇంటికి వెళ్ళాడు. డెబ్భై ఆరేళ్ళ మాస్టారు ఊళ్ళో సగం మందికి గుణకారాలు నేర్పారు. ఆ సగంలో హార్మ్ ఉన్నాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ మోచేతులు వాటంతటవే బల్ల మీంచి దిగిపోతాయి. మాస్టారి భార్య కాఫీ పెట్టి, ఒక్కో బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూసేసింది.

మాస్టారు దాచలేదు. లెక్క విప్పి చెప్పారు. ఆరాధనకు వచ్చేది ఇరవై ముగ్గురు. సగటు వయసు డెబ్భై నాలుగు. మూడూళ్ళకు ఒక్క పాస్టరు, అదీ సగం పూట. పైకప్పు మీద పలకలు జారుతున్నాయి, ఆర్గన్ వాయించేవాడి వేళ్ళు కీళ్ళనొప్పులతో జారుతున్నాయి. ఎటునుంచి కూడినా ఒకటే జవాబు వస్తుంది. వచ్చే జవాబు ముందే తెలిసినప్పుడు ముందే రాసుకోవడంలో తప్పేముందని అడిగారు.

"లెక్క తప్పని నేననలేదు మాస్టారూ," అన్నాడు హార్మ్. "అడిగినట్టు ఎందుకు నటించారు?"

"జనానికి చెప్పుకున్నామన్న తృప్తి కావాలి హార్మ్. అది వాళ్ళకి దొరికింది. నువ్వు చెత్తబుట్టలు వెతక్కపోయుంటే అలాగే మిగిలేది."

బడిలో కూడా ఇంతే. కిటికీ పగలగొట్టినవాడికంటే, పగిలిందని చెప్పినవాడికే ఎక్కువ పడేవి. హార్మ్‌కి చెవులు వేడెక్కాయి. ఏకగ్రీవం అని ఎలా రాశారు, నన్నెవరడిగారు అన్నాడు. మాస్టారు లేచి, అలమరలోంచి నీలం ఫైలు తీసి, జూన్ నెల కాగితం తెరిచి, అతని వైపు తిప్పి పెట్టారు. 'విలీనానికి సూత్రప్రాయంగా సమ్మతి.' కింద ఏడు సంతకాలు. ఆరోది హార్మ్‌ది. పక్కనే ముదురాకుపచ్చ బొటనవేలి ముద్ర.

ముద్ర చూడగానే సంతకం గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆఖరి అంశంగా ఆ కాగితం చుట్టూ తిరిగింది. కాఫీ చల్లారుతోంది. సూత్రప్రాయం అంటే ప్రాయంలో ఉన్న సూత్రం కాబోలు, పెద్దయ్యాక చూసుకుందాం అనుకుని సంతకం గీసేసి పక్కవాడికి తోసేశాడు.

"చదవకుండా సంతకం పెట్టకూడదని నాలుగో తరగతిలో చెప్పాను," అన్నారు మాస్టారు, కోపం లేకుండానే.

కోపం లేకపోవడమే హార్మ్‌కి మండింది. ఆ మంట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారి మీద పెడదామంటే సంతకం అడ్డొచ్చింది. తన మీద పెట్టుకోవడం ఎవడికీ అలవాటు లేదు. దారిలో సైకిలు తొక్కుతుంటే, ఎదురుగాలికి కళ్ళు నీళ్ళు కారుతుంటే, ఆ మంట పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది. పాస్టరమ్మ. ఉత్తరం చదివేది ఎవరు? ఆవిడ. వేదిక మీద నుంచి, నల్లటి అంగీలో నిలబడి, దేవుడి మాట చెప్పే నోటితో ఆ మంగళవారం అబద్ధం చెప్పేది ఎవరు? ఆవిడే. ఈ ఆదివారం ఆరాధనకు వంతు పెద్ద ఎవరు? తను.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆరాధనకు ముందు వంతు పెద్ద పాస్టరును వేదిక మెట్ల దాకా తీసుకెళ్ళి, అందరి ఎదుటా చెయ్యి కలుపుతాడు. వెళ్ళండి, మీ వెనక పెద్దలున్నారు అని దానర్థం. దీవెన అయ్యాక పాస్టరు మెట్లు దిగితే మళ్ళీ కలుపుతాడు. మీరు చెప్పినదానికి మేమూ పూచీ అని ఆ రెండోదానికి అర్థం. చెప్పింది నచ్చకపోతే రెండోది ఇవ్వక్కర్లేదు. హాల్స్‌విర్డలో ఆ హక్కు ఆఖరుసారి వాడింది హార్మ్ తాత. నరకం గురించి ఆ పాస్టరు మరీ క్లుప్తంగా చెప్పాడని.

ఇంకెక్కడైనా చెయ్యిచ్చాడంటే మోసం చేశాడని. ఇక్కడ చెయ్యివ్వకపోతేనే కొంప మునుగుతుంది.

ఆదివారం చెయ్యి ఇవ్వనని హార్మ్ సాయంత్రం ఆల్చెతో అన్నాడు. ఎవరితోనూ అనొద్దని కూడా అన్నాడు. గంట కొట్టేదానితో గుట్టు చెప్పడం అతని తప్పు.

*

శనివారం రొట్టెల కొట్టులో వరసలో నిలబడ్డ వాళ్ళంతా మాటలాపి అతని కుడిచేతి వంక చూశారు. పశువుల ప్రదర్శనలో బహుమతి కొట్టబోయే ఆవు పొదుగు వంక చూసినట్టు. కొట్టావిడ రొట్టె సంచీని జాగ్రత్తగా ఎడమచేతికే అందించింది. వెనకనుంచి ఎవరో, తాత పోలిక ఎక్కడికి పోతుంది అన్నారు. హార్మ్‌కి వెన్నెముక ఒక అంగుళం సాగింది.

ఇంటి దగ్గర భార్య గ్రీట్ ఆ అంగుళాన్ని తగ్గించింది. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది. పాస్టరమ్మకి ఇంకా ముప్పై నాలుగేళ్ళే. ఉత్తరం రాసింది తను కాదు, సంతకం పెట్టింది తను కాదు. ఊరందరి ముందు గాలిలో చెయ్యి చాపి నిలబడాల్సింది మాత్రం తను.

"మంగళవారం బిలియర్డ్స్ దగ్గర మాస్టారికి చెయ్యిస్తావా, ఇవ్వవా? అది చెప్పు ముందు."

అది వేరు అన్నాడు హార్మ్. ఎలా వేరో అడుగుతుందని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చర్చి వెనక, చూరు కింద తలుపుకి మొదటి పూత వేస్తుంటే పాస్టరమ్మ హెస్టర్ వచ్చింది. వర్షంలో సైకిలు మీద వచ్చి, టోపీలోంచి నీళ్ళు దులుపుకుంటూ నిలబడింది. వెస్టర్‌బూర్‌లో ఒక అంత్యక్రియ ముగించుకుని వస్తోందట. హార్మ్ బ్రష్షు ఆపలేదు. తడి అంచు ఆరిపోతే గీత పడుతుంది, పాస్టరు వచ్చినా రోము నుంచి పోపు వచ్చినా అంచు ఆగదు. ఆవిడ ఆ పలక చివరిదాకా ఆగింది.

చీటీలు మాస్టారి దగ్గర ఉన్నాయనుకున్నాననీ, మీ దగ్గర ఉన్నాయని ఆల్చె చెప్పిందనీ, ఆదివారం దాకా ఇస్తారా అనీ అడిగింది. బుధవారం చదవాల్సినవి ఇప్పుడెందుకన్నాడు హార్మ్. అంటూనే చర్చి షెడ్డులోంచి సంచీ తెచ్చి ఇచ్చాడు. సాక్ష్యం మాయం చెయ్యడానికే అని అతనికి గట్టి నమ్మకం. అయినా ఊళ్ళో అందరికీ తెలిశాక సాక్ష్యం ఎవడిక్కావాలి?

"అరువు తీసుకున్నది తిరిగి రావాలి పాస్టరమ్మా," అన్నాడు.

"వస్తుంది," అంది ఆవిడ. సంచీని వానకోటు లోపల పెట్టి గుండీలు పెట్టుకుంది. "ఆదివారం మీ చెయ్యి దొరకదటగా నాకు."

హార్మ్ బ్రష్షుని డబ్బా అంచుకి నాలుగుసార్లు నొక్కాడు. "మొదటిది ఇస్తాను. అది పద్ధతి. ఆ ఉత్తరం చదివితే రెండోది జేబులో ఉంటుంది."

ఆవిడ తల ఊపింది. తలుపు బాగా వస్తోంది అని చెప్పి వానలో వెళ్ళిపోయింది. ఆ మెచ్చుకోలు అతన్ని రోజంతా కెలికింది.

*

అది సంఘ సంవత్సరంలో ఆఖరి ఆదివారం. ఆ ఏడు చనిపోయినవాళ్ళ పేర్లు చదివి, పేరుకొక కొవ్వొత్తి వెలిగించే రోజు. సరిగ్గా ఆ రోజే ఆ ఉత్తరం. పోయినవాళ్ళ జాబితా చివర చర్చి పేరు కూడా చేరిస్తే ఏడుపు ఒక్కసారిగా అయిపోతుందని లెక్కల మాస్టారు లెక్క వేసి ఉంటారు.

ఇరవై ముగ్గురు వచ్చే చర్చికి ఆ రోజు అరవై మంది వచ్చారు. కొందరు పోయినవాళ్ళ కోసం, కొందరు హార్మ్ చెయ్యి కోసం. గుమ్మం దగ్గర నడకబండ్లు ఆరు వరసగా నిలబడ్డాయి.

పెద్దల గదిలో మాస్టారు కవరు పాస్టరమ్మ చేతికిచ్చారు. హార్మ్ ప్రార్థన చేశాడు. నాలుగే మాటలు, అందులో రెండు ఆమెన్. బయటికొచ్చి వేదిక మెట్ల దగ్గర చెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకుంది. రెండు చేతులూ మాట నిలబెట్టుకున్నాయి. అతను వెళ్ళి పెద్దల బెంచీలో, మాస్టారి పక్కన కూర్చున్నాడు.

ప్రసంగం మొదట్లో బెంచీల వెంట పిప్పరమెంట్లు చేతులు మారాయి. మాస్టారు తన పిప్పరమెంట్ల పొట్లం విప్పి హార్మ్‌కి ఒకటి ఇచ్చారు, ముప్పై ఏళ్ళుగా ఇచ్చినట్టే. హార్మ్ తీసుకుని నోట్లో వేసుకున్నాక, కోపంగా ఉన్నట్టు గుర్తొచ్చింది. ఊసెయ్యలేడు. చప్పరించలేడు. బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

పేర్లు చదివారు. ఐదు. ఒక్కో పేరుకి ఆల్చె ఒక్కో కొవ్వొత్తి వెలిగించింది. తరవాత పాస్టరమ్మ కవరు విప్పింది. హార్మ్ కుడిచెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. వెనక బెంచీలు కిర్రుమన్నాయి. చూడ్డానికి వీలుగా అందరూ సర్దుకుంటున్నారు.

"ఒక ఉత్తరం చదవమని నాకిచ్చారు," అంది ఆవిడ. నీళ్ళు తాగింది. "దీని మీద మంగళవారం తేదీ ఉంది. మిమ్మల్ని అడిగింది బుధవారం. మీ మాటలు విన్నామని ఇందులో ఉంది. అది నా నోటితో చెప్పలేను. మీరు రాసింది చదువుతాను."

ఉత్తరాన్ని మళ్ళీ కవరులో పెట్టింది. బల్ల కిందనుంచి గోధుమరంగు కాగితం తీసి పరిచింది.

మాస్టారు దగ్గారు. ముప్పైమంది పిల్లల్ని ఒక్కసారిగా నిలబెట్టిన దగ్గు అది. ఆవిడ ఆయన బడిలో చదువుకోలేదు.

ఒక్కొక్క చీటీ ఊడదీసి, చదివి, పక్కన పెట్టింది. సీకె ముసలమ్మ రెక్కలకు అందరూ నవ్వారు, ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఒక పసుపు చీటీ: 'అమ్మేయండి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ నాకు కాళ్ళు చల్లగానే ఉన్నాయి. వెస్టర్‌బూర్‌లో నేల వెచ్చగా ఉంటుంది. దేవుడికీ వెచ్చదనం ఇష్టమే.' దాన్నీ అదే గొంతుతో చదివింది. తరవాత ఒక గులాబీ చీటీ: 'మా ఆయన పేరు ఆదివారం ఇక్కడ చదువుతారు. నా పేరు ఎక్కడ చదువుతారు?' మూడో కొవ్వొత్తి ఎదురుగా కూర్చున్నావిడ తల వంచుకుంది. ఎవరూ నవ్వలేదు. ఉండాలన్నవి ఎక్కువ, పోదామన్నవి కొన్ని, హీటరు గురించి మూడు. మెచ్చుకోవాల్సినంత తెలివైనవేమీ కావు. జనం మాటలు, అంతే. అవి వాళ్ళ చర్చిలో మొదటిసారి వినబడ్డాయి.

హార్మ్ లెక్కపెడుతున్నాడు. నలభై, నలభై ఒకటి. నలభై రెండు.

"ఆఖరిది ఆకుపచ్చ చీటీ," అంది పాస్టరమ్మ. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది. "ఇందులో ఏమీ రాయలేదు. ఎవరిదో నాకు తెలియదు. అయినా అంటించారు కాబట్టి చదువుతున్నాను." అంటూ ఆ ఖాళీ చీటీని మిగతావాటికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ పట్టుకుని నిలబడింది.

ఎవరిదో హార్మ్‌కి తెలుసు. బుధవారం పెన్సిలు తిప్పుతూ కూర్చుని, రాయడం తన పని కాదనుకుని, కాఫీ వచ్చిందని లేచి, అందరితో పాటు తనూ అంటించొచ్చాడు. మూడు రోజులుగా, చదవలేదు చదవలేదు అని మండిపడ్డ చీటీల్లో తనది చదవడానికేం లేదు. జూన్‌లో చదవకుండా రాశాడు. నవంబరులో రాయకుండా, చదవలేదన్నాడు.

దీవెన అయింది. పాస్టరమ్మ మెట్లు దిగుతోంది. హార్మ్ లేచి వెళ్ళి నిలబడాలి.

నిలబడ్డాడు. అరవై మంది జేబు వంక చూస్తున్నారు. ఉత్తరం చదవలేదు కాబట్టి చెయ్యిస్తాడా, చదవకపోవడం పెద్దల మాట కాదనడమే కాబట్టి ఇవ్వడా? ఇస్తే, ఇప్పుడు ఆవిడ చేసినదానికి ఏడుగురు పెద్దలూ పూచీ. బెంచీలో మాస్టారు తల అడ్డంగా తిప్పారు. పెద్దగా కాదు, పరీక్షలో పక్కవాడి కాగితం చూడొద్దన్నట్టు. జేబులో చెయ్యి చూపించి ఊరంతా తాత పోలిక అనిపించుకోవడం ఎంత సులువో, అది బయటికి తీయడం ఎంత కష్టమో హార్మ్‌కి అప్పుడు తెలిసింది. ఇవ్వకపోవడానికి రెండు రోజులు సాధన చేశాడు. ఇవ్వడానికి ఒక్క పూట కూడా చెయ్యలేదు.

పాస్టరమ్మ ఆఖరి మెట్టు మీద ఆగింది. చెయ్యి చాపలేదు. అడగడం లేదు.

హార్మ్ జేబులోంచి చెయ్యి తీసి చాపాడు. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ. ఆవిడ పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి. మామూలుగా ఒక్క ఊపు ఊపి వదిలేసేది, అతను వదలలేదు. వెనకవాళ్ళకి సరిగ్గా కనిపించిందో లేదో అని కాస్త పక్కకి కూడా తిరిగాడు.

*

పెద్దల గదిలో కాఫీ ఎవరూ ముట్టుకోలేదు. ఐదుగురు పెద్దలు ఐదు వైపులా చూస్తున్నారు. మాస్టారు నీలం ఫైలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"అది నీ చెయ్యి కాదు హార్మ్, పెద్దల చెయ్యి. మమ్మల్ని అడక్కుండా ఇచ్చావు. ఉత్తరం వచ్చే వారం నేనే చదువుతాను. అందులో ఒక్క మాట మారదు."

అడక్కుండా అన్న మాట ఆయన నోట విని హార్మ్‌కి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

పాస్టరమ్మ అంగీ మడిచి, సంచీ తెచ్చి అతని ముందు పెట్టింది. అరువు తిరిగొచ్చింది. హార్మ్ అందులో చెయ్యి పెట్టి వెతికాడు. పసుపు కాదు, గులాబీ కాదు. ఖాళీ ఆకుపచ్చ చీటీ దొరికింది. చెవి మీంచి వడ్రంగి పెన్సిలు తీసి, నిలబడే, తలుపు పక్క గోడకి ఆనించి రాశాడు. కొలతలు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి. చాలాసేపు పట్టింది. గదిలో అందరూ ఆ పెన్సిలు చప్పుడు విన్నారు.

మాస్టారి ముందున్న ఫైలు తెరిచి, జూన్ కాగితం దాకా తిప్పి, తన సంతకం మీద ఆ చీటీ అంటించాడు. 'ఇది నేను చదవకుండా పెట్టాను. వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్ళని అడిగాక, నన్ను మళ్ళీ అడగండి. హార్మ్.'

బుధవారం నుంచి అంటించి, ఊడదీసి, మడిచి, వానలో తిరిగిన చీటీ. జిగురు చచ్చిపోయింది. వేలు తియ్యగానే అంచు లేచింది. ఫైలు మూస్తే రాలిపోతుంది. మాస్టారికి అది తెలుసు. ఫైలు అట్ట మీద ఆయన చెయ్యి సిద్ధంగా ఉంది.

హార్మ్ బొటనవేలితో చీటీని నొక్కి పట్టుకుని, ఆయన చదవడానికి కళ్ళజోడు పెట్టుకునేదాకా నిలబడ్డాడు.